కుడి పక్క సీటు

డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో గీసిన గీత చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నాలుగు నెలల కిందట ఆ డాష్‌బోర్డు ఒట్టి తుప్పు రేకు. దాన్ని గీకి, సాపు చేసి, రంగు పూసి, ఒక్కో మీటరునూ విప్పి తుడిచి మళ్ళీ బిగించింది ఆమే. షెడ్డులో వాళ్ళ నాన్న పెద్ద మేస్త్రి అయితే, ఆమె చిన్న మేస్త్రి. ఈ గీత ఎవరు గీశారని అడగక్కర్లేదు. అంత తిన్నగా గీత గీసే మనిషి ఆ షెడ్డుకు ఒక్కడే వస్తాడు. అతను పళ్ళ డాక్టరు, ఆ పాత కారుకు ఓనరు.

"ఇక్కడి దాకా కోస్తారట" అన్నాడతను, సుద్ద అంటిన వేళ్ళు రుమాలుతో తుడుచుకుంటూ. పన్ను పీకుతామని పేషెంటుకు చెప్పేటప్పుడు కూడా ఇంత నెమ్మదిగానే చెబుతాడు కాబోలు. "స్టీరింగు కుడి వైపుకి మార్పిస్తున్నాను. టౌను అవతల షెడ్డువాళ్ళు సోమవారం తీసుకురమ్మన్నారు."

ఆ బండి అమెరికాలో పుట్టింది. అక్కడ రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు కాబట్టి స్టీరింగు ఎడమ వైపుంటుంది. ఇక్కడ నడిపేది ఎడమ పక్కన. అంటే డ్రైవరు కాలిబాటను ఆనుకుని కూర్చుంటాడు. ముందు లారీ అడ్డముంటే, ఎదురుగా ఏం వస్తోందో అతనికి చచ్చినా కనబడదు. కుడి సీట్లో కూర్చున్నవాళ్ళు చూసి చెబితేనే దాటాలి. అతనికి ఆ పని చేసిపెట్టింది వాళ్ళమ్మ. ఆవిడ లారీ కనబడగానే కళ్ళు గట్టిగా మూసుకుని, మూసుకునే "పోనీ నాయనా" అనేదట.

ఆ మోడలు బండి ఈ దేశంలో ఇదొక్కటే. ఒకసారి కోస్తే మళ్ళీ అతకడం బ్రహ్మ తరం కూడా కాదు. ఆ మాటే ఆమె రకరకాలుగా చెప్పింది, బతిమాలింది, కసిరింది. అతను అన్నింటికీ తలూపాడు. తలూపి, మళ్ళీ మొదటికే వచ్చాడు.

"అమ్మని రోజూ తిప్పలేను కదండీ. ఒక్కణ్ణే నడుపుకునేలా ఉండాలి."

పాత ఇనుము కొట్లో తేలిన ఆ బండిని అతను షెడ్డుకు తోలించి రెండేళ్ళవుతోంది. క్లినిక్కు మూయగానే రోజూ వచ్చేవాడు. వచ్చి ఊరుకోడు. బంపరు కింద టార్చి వేసి చూస్తాడు, నట్టు నట్టుకీ ఇది ఒరిజినలేనా అంటాడు. ఓడలో రావాల్సిన టెయిల్ లైటు అద్దం కోసం ఎండాకాలమంతా ఆమె బుర్ర తిన్నాడు. అలాగని చేతకానివాడా అంటే, కాదు. దంతం రంగు స్టీరింగు చక్రం నిండా పగుళ్ళుంటే, పుచ్చిపళ్ళలో నింపే సిమెంటు తెచ్చి, రంగుకు రంగు కలిపి పూడ్చాడు. పగులు ఎక్కడుందో చూపించమంటే ఆమె కూడా చూపించలేకపోయింది. ఆ రోజు రాత్రి అన్నం తింటూ తనలో తను నవ్వుకుంటే, ఏమైందే అని వాళ్ళమ్మ రెండుసార్లు అడిగింది.

అంత అందంగా పూడ్చిన మనిషే ఇప్పుడు కోయిస్తానంటున్నాడు. అదీ వేరే షెడ్డులో. సోమవారం నుంచి సాయంత్రాలు ఈ గుమ్మంలో ఎవరూ టార్చి వెయ్యరు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా మండింది.

చివరికి ఆమే ఒక పందెం పెట్టింది. కుడి సీట్లో తను కూర్చుంటుంది. తన మాట మీద అతను ఒక్క లారీని దాటితే స్టీరింగు మార్పించకూడదు. దాటలేకపోతే సోమవారం బండిని తనే తోలి ఆ షెడ్డులో దింపుతుంది. పెద్ద మేస్త్రి ఇద్దరినీ ఎగాదిగా చూసి, చీకటి పడకముందే రమ్మని మాత్రం అన్నాడు.

టౌను దాటగానే ఇటుకల లారీ దొరికింది. నత్తకు తమ్ముడిలా ఉంది. ఇటుకల మీద ఇద్దరు కూలీలు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"వెళ్ళండి" అందామె.

"ఖాళీయేనా?"

"ఖాళీయే."

"ఎంత దూరం వరకు?"

అంతలో ఎదురుగా బస్సు వచ్చి, హారను మోగించుకుంటూ పోయింది. ఖాళీ అన్నారుగా, అన్నాడతను నొచ్చుకుంటూ. అన్నప్పుడు ఖాళీయే, మీరు విచారణ ముగించేలోపు నిండింది, అందామె. రెండోసారీ అదే తంతు. మూడోసారి అతను బ్రేకు మీద కాలు పెట్టి, మెడ సాచి, కనబడదని తెలిసీ తనే చూడబోయాడు. లారీ మీది కూలీలు వీళ్ళను చూసి, రమ్మన్నట్టు చేతులూపుతూ నవ్వడం మొదలుపెట్టారు. ఇటుక దుమ్ముతో ఆమె కనుబొమలు ఎర్రబడ్డాయి.

"పక్కకి తీసి ఆపండి."

ఆపాడు. ఆమె అతన్ని కడిగేసింది. నోరు తెరవమని మీరంటే మీ పేషెంట్లు తెరుస్తారు, ఏం చేయబోతున్నారో అద్దం పెట్టి చూపించమనరు. నా కళ్ళ మీద మీకు ఆ పాటి నమ్మకం లేకపోతే రెండేళ్ళు నా చేతికి బండెలా ఇచ్చారు? అతను స్టీరింగు మీద పగులు పూడ్చిన చోటే వేలితో రాస్తూ కూర్చున్నాడు.

"నమ్మకం లేక కాదు" అన్నాడు చివరికి. "మీరు చూసి చెప్పడం ఒక్కసారి అలవాటైతే, మీరు లేని రోజు నేను బండి బయటికి తియ్యలేను. బండి పనైపోయింది. ఇక షెడ్డుకి ఏ వంకతో రావాలో తెలీదు. మిమ్మల్ని అడగడానికి ధైర్యం లేదు. కోయించేసుకుంటే ఏ బాధా ఉండదనుకున్నాను."

ఆమె కోపం వచ్చిన దారినే ఎటో పోయింది. పోతూ పోతూ కాస్త విసుగు మాత్రం వదిలిపెట్టింది.

"ఆ ఒక్క ముక్క చెప్పలేక లక్షణమైన బండిని నరికిస్తారా?" అంది. "పదండి. ఆ లారీ ఇంకెంతో దూరం పోయుండదు."

నిజంగానే పోలేదు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. ఒక మోటారుసైకిలు పోనిచ్చింది, ఒక ట్రాక్టరును పోనిచ్చింది. రోడ్డు ఖాళీ అయింది. నోరు తెరవబోతుంటే, ఈ మాట తప్పయితే ఇద్దరమూ పోతామన్న సంగతి మొదటిసారి తట్టింది. ఇన్నాళ్ళూ అతను ఎందుకు అన్నిసార్లు అడిగేవాడో కూడా కాస్త అర్థమైంది. ఇంకోసారి చూసుకుంది.

"వెళ్ళండి."

మాట పూర్తి కాకముందే బండి దూకింది. అతను అటు చూడలేదు, అడగలేదు. లారీ పొడవంతా ఆమె కిటికీకి దూరంగా, అతని భుజం పక్కనుంచి వెనక్కి జరిగిపోయింది. కూలీలు లేచి నిలబడి ఈలలు వేశారు. బండి తన వరసలోకి వచ్చాక గానీ ఆమె తల లోపలికి తీసుకోలేదు.

"రేపు కూడా నేనే చూస్తాను" అంది, ముందుకు చూస్తూనే.

"ఎన్నాళ్ళ వరకు?"

"మళ్ళీ మొదలా?" అంది ఆమె. కానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

షెడ్డుకు చేరేసరికి ఇంకా వెలుగుంది. పెద్ద మేస్త్రి ఇద్దరి దుమ్ము మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా భుజం మీది గుడ్డ తీసి సుద్దగీతను తుడిచేశాడు. తుడిచి, మీ అమ్మగారిని ఒకసారి తీసుకురా బాబూ అన్నాడు.

ఆదివారం ఆవిడ వచ్చింది. కాఫీలయ్యాయి, పెద్దవాళ్ళు మాట్లాడుకోవలసినవి మాట్లాడుకున్నారు. అందరూ కలిసి అలా తిరిగొద్దామని బయల్దేరారు. ఆవిడ కుడి వైపు తలుపు తీసి, కూర్చోకుండా ఆమెను పిలిచింది.

"ఈ సీటు నా వల్ల కాదమ్మా. ఇక నువ్వు చూసుకో. నేను వెనక కూర్చుని హాయిగా కళ్ళు మూసుకుంటాను."

ఆమె ఎక్కి కూర్చుంది. షెడ్డు గుమ్మం దగ్గర బండి ఆగింది. రోడ్డు మీద అటూ ఇటూ పురుగు కూడా లేదు.

"వెళ్ళమంటారా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆమె తల పట్టుకుంది.