పర్లేదంటున్న వకుళ

ముప్పై ఒకటో సర్వీసు కూడా వల మీదుగా ఉండాల్సినదానికన్నా వేలెడు ఎత్తున దాటింది. వెనక నిలబడ్డ వకుళ "బాగుంది సువార్తా" అంది. అంతకుముందు ముప్పైసార్లూ అదే గొంతుతో అదే మాట అంది. సువార్తకు ఒళ్లు మండింది.

వెనకున్నది వకుళ కాదు, ఆమె ఛాయ. అసలు వకుళ మోకాలు పాడై, నాలుగేళ్ల క్రితం ఆట మానేసి, కాకినాడలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటోంది. సువార్త పక్కన ఆమె ఆడిన తొమ్మిదేళ్ల ఆటను డబుల్స్ పోటీలు నడిపే జోడీ సంఘం పిండి, వడగట్టి, వెలుగుతో మనిషి రూపంగా పోసి, చేతికి నిజం రాకెట్ ఇచ్చింది. ఇప్పుడా ఛాయ ఒకేసారి నలభై దేశాల్లో ఆడుతోంది. పోయిన నెల జకార్తాలో వల అవతల కూడా వకుళే. మ్యాచ్ అయ్యాక ఇద్దరు వకుళలూ ఒక్కసారే "మంచి ఆట" అంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. వాళ్లకా మాత్రం చాలు.

ఇవాళ నిర్ధారణ. సంఘం తరఫున ఫణీంద్ర వచ్చాడు, జన్మలో రాకెట్ పట్టని మెత్తటి చేతులతో. ఛాయ ఫలానా మనిషేనని ఆ మనిషి పక్కన ఆడినవాళ్లే ఏటా వేలిముద్ర వేసి చెప్పాలి. కాదంటే ఛాయ అన్నిచోట్లా రద్దు. ముప్పై నాలుగేళ్ల సువార్తకు ఇక జోడీ ఉండదు, వచ్చే నెల ప్రపంచ పోటీల్లో పేరూ ఉండదు.

"మూడు ర్యాలీలు ఆడేసి ముద్ర వేసెయ్యండి మేడమ్. మధ్యాహ్నం నాకు సింగపూర్‌లో పనుంది" అన్నాడతను.

వల అవతల నిలబెట్టిన ఇద్దరు కుర్రాళ్ల మీద రెండు ర్యాలీలు ఛాయే గెలిపించింది. మూడోదాంట్లో షటిల్ ఇద్దరి మధ్యకు తేలికగా వచ్చింది. సువార్త "నాది!" అని అరిచి, కావాలనే చెయ్యెత్తకుండా నిలబడింది. అది టప్పున నేలపడింది.

"పర్లేదు, తర్వాతది చూసుకుందాం." ఛాయ నవ్వుతూ, జోడీలు చేసుకునేట్టు రాకెట్‌కు రాకెట్ తాకించమని చాచింది.

అప్పట్లో ఒసాకాలో సువార్త ఇలాగే ఒకటి వదిలేస్తే అసలు వకుళ "కళ్లు బ్యాగులో పెట్టొచ్చావేంటే?" అని అందరి ముందూ కేకలేసింది. ఆ పూటంతా రాకెట్ తాకించలేదు. ఆ రోషంతోనే సువార్త వరసగా తొమ్మిది పాయింట్లు తీసింది. ఆ తిట్టు కోసం ఆమెకిప్పుడు ప్రాణం కొట్టుకుపోయింది.

"దీనికి కోపం ఎందుకు రాదండీ?"

"కోపం లోపం కదా మేడమ్. తీసేశాం. చూసేవాళ్లకి నచ్చదు."

"మరి నా లోపాలో?"

"మీరు మనిషి కదండీ" అన్నాడు ఫణీంద్ర, జాలిపడుతూ.

అతను పలక చాచాడు. అందులో రెండు గళ్లు. 'అవును' అరిగిపోయి ఉంది. 'కాదు' మీద కంపెనీ అంటించిన పైపొర కూడా ఊడలేదు. సువార్త గోటితో దాన్ని లాగింది.

"మేడమ్! ఇప్పుడు ఎన్నిచోట్ల మ్యాచ్‌లు నడుస్తున్నాయో తెలుసా? మీరు మాత్రం ఎవరితో ఆడతారు?"

"తెలీదు. నేను ఆడిన వకుళ మాత్రం ఈవిడ కాదు."

వేలు నొక్కింది. వెనకాల రాకెట్ నేల మీద పడిన చప్పుడైంది. ఫణీంద్ర చేతిలోని పలక మోగడం మొదలుపెట్టింది. ముందు కోపెన్‌హాగన్, తర్వాత జకార్తా, తర్వాత ఊరి పేరు చదివే లోపే ఇంకో ఊరు. పలక మీద ప్రతి ఊళ్లోనూ ఒక మనిషి సగం కోర్టులో ఒంటరిగా నిలబడి, ఛాయ మాయమైన పక్కకు తిరిగి చూస్తోంది.