ముళ్లు పోయిన గడియారాలు

గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చేసరికి డిటెక్టివ్ పిన్నిగారు తన ఆఫీసులో పెన్సిల్ చెక్కుకుంటోంది. వీధంతా ఆవిణ్ణి పిన్నిగారనే పిలుస్తుంది. ఆవిడకన్నా పన్నెండేళ్లు పెద్దవాడైన అసిస్టెంటుదీ అదే వరస. కోర్టులో ముప్పై ఏళ్లు షార్ట్‌హ్యాండ్ రాసి రిటైరైన ఆయన్ని ఆవిడ స్టెనోగారూ అంటుంది. పిన్నిగారి తెలివి ముందు పోలీసులంతా బలాదూరని స్టెనోగారి నమ్మకం. ధైర్యం మాటకొస్తే మాత్రం ఆయన బొద్దింకను చూసినా కుర్చీ ఎక్కే రకం.

"నా షాపులో దొంగ పడ్డాడు పిన్నిగారూ," అన్నాడు పెద్దాయన. "గడియారాలు పోలేదు. ముళ్లు పోయాయి, అంకెలు పోయాయి. మొత్తం ఇరవై మూడింటికి."

సంచిలోంచి ఒక పాత అలారం గడియారం తీసి బల్లమీద పెట్టాడు. ఒకప్పుడు చీకట్లో మెరిసే ముళ్లూ అంకెలూ ఉండేవట. ఇప్పుడు దాని మొహం కడిగిన పళ్లెంలా ఉంది. స్టెనోగారు దగ్గరికి వంగి వాసన చూశాడు.

"టర్పెంటైన్ వాసన," అన్నాడు గర్వంగా.

"మంచిది. ఇప్పుడు ముక్కు వెనక్కి తీసుకోండి," అంది పిన్నిగారు. "ఆ కాలంలో మెరిసే రంగులో రేడియం కలిపేవాళ్లు. అద్దం కింద ఉన్నంతసేపూ దాని మానాన అది ఉంటుంది. పొడై నోట్లోకో ముక్కులోకో పోయిందంటే ఎముకల్లో కాపురం పెడుతుంది."

స్టెనోగారు గోడకు అతుక్కుపోయాడు.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, అమ్మాయి, అల్లుడు. పైవాటాలో సైన్సు మాస్టారు. దొంగ ఆయనే, రాసుకోండి. అమ్మాయికి ఏడో నెల."

పిన్నిగారు పెన్సిల్ పక్కన పడేసి లేచింది. "దొంగ సంగతి తర్వాత. ముందు ఆ పొడి ఎక్కడుందో చూడాలి. పదండి."

షాపు వెనకే ఇల్లు. గడియారాల స్క్రూలు ఒద్దికగా బిగించి ఉన్నాయి. అంకెలు పోయినచోట చిన్న గీత కూడా లేదు. పెద్దాయన రంగు తీయాల్సివస్తే బ్లేడే వాడతాడు. ఇక్కడ బ్లేడు తగిలిన జాడ లేదు. పిన్నిగారు అదంతా రాయించింది.

సైన్సు మాస్టారు మెట్లమీదే ఎదురయ్యాడు. "రేడియేషన్ మీటరున్నది నా ఒక్కడి దగ్గరే కాబట్టి అనుమానం నామీదే. అంతేనా?"

"మీటరు పనిచేస్తుందా?"

"బ్యాటరీ వేస్తే చేస్తుంది. ఏడాదిగా పెట్టెలోంచి తియ్యలేదు."

"వేసి తీసుకురండి," అంది పిన్నిగారు. పెద్దాయన మొహం మాడిపోయింది.

అల్లుడు గుమ్మం దగ్గర పళ్ల డాక్టరుగారి బోర్డు రాస్తున్నాడు. ఊళ్లో సగం బోర్డులు అతని చేతివే. కింది పెదవిమీద నీలిరంగు చుక్క. వెనక మేకుకు వానకోటు, హెల్మెట్ వేలాడుతున్నాయి.

"బండి ఉందా బాబూ?"

"లేదండి."

"మరి హెల్మెట్?"

"బోర్డులు నెత్తిన పడతాయి కదండీ."

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నావు?"

"వారంగా షాపులోనేనండి. నా గురకకి ఆవిడకి నిద్ర పట్టట్లేదు."

"నాలుగేళ్లలో ఒక్కరోజు గురక పెట్టలేదు ఈయన," అంది లోపలినుంచి అతని భార్య. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

మాస్టారు మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో అది పలకలేదు. రెండు వాటాలకీ కలిపి ఉన్న ఒక్క స్నానాలగదిలో అటక కిందికి రాగానే టకటకలాడింది. అటకమీద మూత బిగించిన ఇనప బకెట్టు. పిన్నిగారు అందరినీ ఇంట్లోంచి బయటికి నడిపించి, రేడియేషన్ భద్రతాశాఖకు ఫోన్ చేసింది. తర్వాత వీధి అవతల వరసగా నిలబెట్టింది.

"మాస్టారు కాదు," అంది. "దాని సంగతి తెలిసినవాడు దాన్ని తను స్నానం చేసే గదిలో పెట్టుకోడు. పెద్దాయనా కాదు, ఆయనది బ్లేడు. ఈ అంకెల్ని టర్పెంటైన్‌తో తడిపి, సన్నని కుంచెతో ఎత్తారు. స్క్రూలు బిగించడం రోజూ చూస్తూ, కుంచె బాగా పట్టగలవాడు ఈ ఇంట్లో ఒక్కడే."

అల్లుడు తలవంచుకున్నాడు. "అణు గీజరండి. పొయ్యి అక్కర్లేకుండా నీళ్లు ఎప్పుడూ వేడిగా ఉంటాయని. పొద్దున్నే చన్నీళ్లకి ఈవిడ వణికిపోతోంది. మాస్టారు పారేసిన పుస్తకంలో సగం చదివాను."

"మిగతా సగం?"

"చిరిగిపోయిందండి."

"దీంతో చీమక్కూడా స్నానం చేయించలేవు నాయనా," అన్నాడు మాస్టారు నీరసంగా. "వేడి రాదు. విషం మాత్రం వస్తుంది."

"జాగ్రత్తలన్నీ తీసుకున్నానండి. వానకోటు, గ్లౌజులు, హెల్మెట్. దుమ్ము అంటుతుందని ఆవిడ దగ్గరికి కూడా వెళ్లలేదు."

పిన్నిగారి గొంతు మెత్తబడింది. "బోర్డు రాసేటప్పుడు కుంచె మొన ఎలా తీస్తావు బాబూ?"

అతని చెయ్యి దానంతటదే లేచి, లేని కుంచెను పెదాల మధ్యకు తీసుకెళ్లి ఆగిపోయింది.

"అంకెలెత్తేటప్పుడూ అంతే, హెల్మెట్ అద్దం పైకెత్తి మరీ," అంది పిన్నిగారు. "అద్దం అంచుమీద నీ గ్లౌజు వేళ్ల నీలిరంగు ఉంది."

మాస్టారు మీటరు అతని నోటి దగ్గర పెట్టాడు. టక్. కాసేపాగి, మళ్లీ టక్. స్టెనోగారు రాయడం మానేశాడు. నవ్వొచ్చే కేసనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది.

"కొంచెమే ఉన్నట్టుంది," అన్నాడు మాస్టారు. "తేల్చాల్సింది డాక్టర్లు."

"ముందు ఈవిణ్ణి చూడండి," అన్నాడు అల్లుడు. "ఆవిడకేం కాలేదని తెలిస్తే చాలు నాకు."

మాస్టారు ఆమెను తలనుంచి పాదాలదాకా పరీక్షించాడు. మీటరు పలకలేదు. అల్లుడు అక్కడే రోడ్డుమీద కూలబడ్డాడు, మొహంలో ఎంత నిశ్చింతో.

భద్రతాశాఖ వ్యాను వచ్చి ఆగింది. ఆమె కదల్లేదు.

"వారంగా నామీద మోజు తీరిపోయిందనుకున్నాను," అంది. "నాకు అంటకూడదని అంత ఆలోచించావే, మరి నీకు అంటితేనో?"

అతను నిజంగానే ఆలోచించాడు.

"అది తట్టలేదే," అన్నాడు.