పది నంబరు పానా

వాన పడుతుంటే కారులో రెయిన్‌కోటు వేసుకుని కూర్చున్న మనిషిని అలేఖ్య అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆరాంఘర్ సిగ్నల్ దగ్గర ఆమె స్కూటర్ మీద ఉంది. పక్కనే, అడుగు వెనకగా, ఒక పాత ఎర్ర కారు ఆగి ఉంది. రెండే సీట్లు, రెండే తలుపులు. గుడ్డ రూఫు వెనక మడతపెట్టి ఉంది కానీ వాన పడుతున్నా దాన్ని ఎవరూ మూయడం లేదు. లోపలి మనిషి టోపీ కూడా లాక్కుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, పెళ్లిలో రెండో బంతి కోసం ఎదురుచూస్తున్నవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు.

ఆమె చూస్తుండగానే కారు ముందుభాగంలో ఎడమపక్క ఒక మూత లేచింది. లోపల దాక్కున్న హెడ్‌లైటు బయటికొచ్చి, ఆమెను చూసి, మళ్లీ లోపలికి పోయింది. రెండు క్షణాలాగి మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

"ఏమండీ! ఏంటిది?" అంది అలేఖ్య.

"నేను కాదు మేడం. కారు."

"కారు కన్ను కొడుతుందా?"

"మూడేండ్ల సంది కొడుతున్నది మేడం. వానొస్తే జర ఎక్కువ. మొన్న పోలీసాయనకు గూడ కొట్టింది."

"ఆయనేమన్నాడు?"

"పక్కకు ఆపమన్నడు."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంతలో మూత మూడోసారి లేచింది, ఆమె కళ్లు మనిషిని వదిలేసి మూతను పట్టుకున్నాయి.

"మరి కుడిది ఎందుకు కొట్టదు?"

"అది మంచిది మేడం."

పచ్చ లైటు పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ఎర్ర కారు రెండుసార్లు దగ్గి ముందుకు కదిలింది.

కారులోని మనిషి పేరు వీరేందర్. ఊరు తుక్కుగూడ దారిలో. ఉద్యోగం ఎయిర్‌పోర్టులో, విమానాలను గేటు దగ్గర్నుంచి వెనక్కి నెట్టే ట్రాక్టర్ నడపడం. ఒకప్పుడు తండ్రి ఐలయ్య జొన్న వేసిన చోటే ఇప్పుడు కొడుకు విమానాలు నెడుతున్నాడు. పొద్దంతా విమానాలను వెనక్కి నెట్టి, ఇంటికొచ్చి కారును ముందుకు నెట్టేవాడు. రెండూ అలవాటైపోయాయి.

ఆ కారు పాతికేళ్ల కిందటి జపాను బండి. ఎవరో కెప్టెన్ సింగపూర్ నుంచి తెప్పించుకుని, మోజు తీరాక దుమ్ములో వదిలేస్తే, వీరేందర్ కొని తెచ్చుకున్నాడు. దాన్ని నడిపిన దానికంటే దాని కింద పడుకున్న గంటలే ఎక్కువ. పెళ్లి సంబంధాల వాళ్లొచ్చినప్పుడు కూడా ముందు అతని కాళ్లే కనిపించాయి. సంబంధం కుదరలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక విమానానికి ట్రాక్టర్ తగిలించి కూర్చుంటే, కింద హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడే ఇంజినీరు కొత్త మనిషి. జడను జాకెట్ కాలర్‌లోకి దోపుకుంది. చెయ్యెత్తి నెట్టమని సైగ చేయబోయి, అతన్ని గుర్తుపట్టి సగంలో ఆగింది. నూట ఎనభై మంది ప్రయాణికులు ఆ సగం చెయ్యి కోసం రెండు క్షణాలు ఆగారు.

విమానం వెళ్లాక ఆమే వచ్చింది.

"కన్ను కొట్టే కారు మీదే కదా?"

"నాదే మేడం. సారీ మేడం."

"సారీ ఎందుకండీ? మోటారు విప్పి చూశారా?"

"నాలుగుసార్లు చూసిన. ఏందో బంక లెక్క ఉంటది. పాత గ్రీజనుకొని సాఫ్ చేస్త. కొన్నొద్దులు మంచిగుంటది. దసర పోంగనే మళ్ల మొదలు."

"విమానంలో లోపం కనబడితే మేము స్నాగ్ అంటాం. అట్టముక్క మీద రాసి, గడువు పెట్టి, ఆలోగా బాగుచేసి సంతకం పెడతాం. గడువు లేకుండా స్నాగ్ రాయడం మా దగ్గర నేరం. చూసిన స్నాగ్‌ను వదిలేస్తే నాకు అన్నం సయించదు. నిన్నటి నుంచి మీ కారు నా అన్నం చెడగొడుతోంది."

"దీనికి గడువుంది మేడం," అన్నాడు వీరేందర్. "నెలన్నరల రిజిస్ట్రేషన్ రెన్యువల్. లైటు లేవకుంటే ఫెయిల్. ఫెయిలైతే షాద్‌నగర్ల పాత సామాన్ల సేటుకు ఇచ్చేస్తనని మా బాపు నాతోని ఒట్టేయించుకున్నడు. షెడ్డు బర్రెలకు కావాల్నట."

చెప్పేటప్పుడు అతని మొహంలో ఏమీ మారలేదు. కానీ స్టీరింగు మీద చేతులు బిగుసుకున్నాయి. అలేఖ్య అది చూసింది.

"ఆదివారం వస్తాను," అంది.

ఆదివారం ఐలయ్య షెడ్డు బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన పిల్లను, కారును మార్చి మార్చి చూశాడు.

"ఇండ్ల ఇద్దరే కూసుంటరు. వడ్ల బస్త పట్టదు. వానొస్తే తడుస్తం, ఎండొస్తే ఎండుతం. దీన్ని ఏమంటరు బిడ్డా?"

"స్పోర్ట్స్ కారంటారు అంకుల్."

"ఆటసామానన్నట్టు," అన్నాడు ఐలయ్య. ఆ విషయం ఇక తేలిపోయిందన్నట్టు బీడీ ముట్టించాడు.

అలేఖ్య నేలమీద పాత తువ్వాల పరిచింది. వీరేందర్ పానాలన్నీ సైజు ప్రకారం పేర్చి లెక్కపెట్టింది. పదకొండు. అప్పుడు లైటు మోటారు మూత విప్పి, వేలితో లోపలి బంక తీసి, వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది గ్రీజు కాదు. కొబ్బరినీళ్లు. కాస్త పసుపు కూడా ఉంది."

అప్పుడే వీరేందర్ తల్లి ఈరమ్మ చాయ్ తెచ్చింది. తన పేరు ఎవరూ చెప్పకుండానే ఒప్పుకుంది.

"నేనే పోస్త బిడ్డా, దసరకు దసరకు. కొబ్బరికాయ కొట్టి గా కంట్ల పోస్త. చల్లగుంటదని."

"మరి కుడి కంట్లో పొయ్యరా అమ్మా?"

"గా దిక్కు గోడ అడ్డం. చెయ్యందదు."

మూడేళ్లుగా నాలుగుసార్లు విప్పి చూసినా అంతుపట్టని లోపం అక్కడితో తేలిపోయింది. వీరేందర్ తల్లివైపు చూశాడు. ఈరమ్మ మొహం చిన్నబోయింది.

"నా చేతులతోని నేనే దాని కన్ను పోగొడితినా?"

"అయ్యో, లేదమ్మా," అంది అలేఖ్య గబగబా. "మేము విమానాలకు కూడా కొబ్బరికాయ కొడతాం. చక్రం ముందు నేలమీద కొట్టి, చెక్కలన్నీ ఏరి లెక్కపెడతాం. ఈసారి మీరూ చక్రం దగ్గర పొయ్యండి. చక్రం ఏమీ అనుకోదు."

ఈరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసింది.

పనయ్యాక అలేఖ్య మళ్లీ పానాలు లెక్కపెట్టింది. పది. పది నంబరుది లేదు.

"దొరికేదాకా బానెట్ దించేది లేదు. లోపల ఒక్క పానా మర్చిపోయినా మేము ఎగరనివ్వం."

"ఇది ఎగరదు మేడం."

"అది మీ నమ్మకం."

గంటసేపు వెతికారు. చివరికి ఐలయ్య తీరిగ్గా అంగీజేబులోంచి పానా తీశాడు. "గడ్డి మిషను బోల్టు లూజైంది. గిదొక్కటే సరిపోతది," అన్నాడు.

మోటారు లోపలి భాగాలు అరిగిపోయాయి, కొత్తవి రావడానికి టైం పడుతుంది. ఈలోగా బ్రేకులు చూద్దామంది అలేఖ్య. తర్వాత ఆదివారం క్లచ్చు వైరు అంది. ప్రతి లోపానికీ ఒక అట్టముక్క రాసి దారంతో కట్టేది. బాగయ్యాక సంతకం పెట్టి తెంపేది. ఆరు ఆదివారాల్లో ఆరు అట్టముక్కలు. మూసుకోని రూఫు సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

వీరేందర్‌కు ఆమె మీద ప్రేమ కలిగింది. ఎప్పుడంటే సరిగ్గా చెప్పగలడు. మూడో ఆదివారం, మసిచేత్తో ముక్కు తుడుచుకుని, ముక్కు నల్లబడ్డ సంగతి తెలియక అతనికి శుభ్రత గురించి పది నిమిషాలు క్లాసు పీకినప్పుడు. అతను ఆ మసి సంగతి చెప్పలేదు. అసలు సంగతీ చెప్పలేదు. షెడ్డు రేకుల మీద వాన పడుతుంటే ఇద్దరూ కారుకు చెరోపక్క నిలబడి బ్రేక్ ఆయిల్ గురించి మాట్లాడుకున్నారు.

ఆరో ఆదివారం కొత్త భాగాలు బిగించింది. రెండు లైట్లూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. చివరి అట్టముక్క మీద సంతకం పెట్టింది.

"ఇక స్నాగులేమీ లేవు," అంది.

"లేవు," అన్నాడు.

"వస్తాను మరి."

"మంచిది మేడం."

ఆమె స్కూటర్ మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. కుర్చీలోంచి ఐలయ్య కొడుకును చూసి తల అడ్డంగా ఊపాడు.

సోమవారం పదకొండింటికి కారుకు పరీక్ష. పొద్దున ఎనిమిదింటికి వీరేందర్ స్విచ్ వేశాడు. కుడి లైటు లేచింది. ఎడమది లేవలేదు. కనీసం కన్ను కూడా కొట్టలేదు.

ఫోన్ చేస్తే అలేఖ్య ఇరవై నిమిషాల్లో వచ్చింది. మూత విప్పింది. లోపల పొడిగా ఉంది, కొబ్బరి వాసన లేదు. మోటారు వైరు మాత్రం ఊడి, పక్కనే చక్కగా చుట్టిపెట్టి ఉంది. వైర్లు వాటంతటవి ఊడతాయేమో గానీ, వాటంతటవి చుట్టుకోవు.

"ఇది మనిషి పీకింది," అంది. "నిన్న నేను సంతకం పెట్టి వెళ్లాను. షెడ్డు తాళం మీ దగ్గరే ఉంటుంది."

వీరేందర్ వంగి ఆ వైరు చుట్టను చూశాడు.

"లైటు పాడైతే ఎన్నిసార్లైనా బాగుచేస్తాను వీరేందర్ గారూ. పాడుచేసి పిలిస్తే మాత్రం ఇక రాను."

కారు పోతే పోనీ అని ఆ క్షణాన అతనికి మొదటిసారి అనిపించింది.

"నేను పీకలె," అన్నాడు. "కానీ పీకుదామనుకున్న. నిన్న మీరు పోయినంక బానెట్ ఎత్తిన. పానా చేతుల పట్టుకున్న. ఇయ్యాల పాసైతే మీరు మళ్ల రారు గదా అని. ఇగ అట్ట మీద మీ సంతకం చూసిన. నేను పీకితే గది అబద్ధమైతదని బానెట్ దించేసిన. మీరు రాకుంటే నాకు ఆదివారమే వద్దు మేడం. కానీ మీ సంతకం చెడగొట్టి తెచ్చుకునే ఆదివారం గూడ వద్దు."

అంత పొడుగు మాట అతను పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు. గడపలో ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలేఖ్య ఏమీ తోచనప్పుడు చేసే పనే చేసింది. వంగి పానాలు లెక్కపెట్టింది. పది. ఏది లేదో చూసింది. మెల్లగా తల తిప్పి బయట కుర్చీవైపు చూసింది.

ఐలయ్య కుర్చీలోంచి లేవకుండానే జేబులో చెయ్యి పెట్టాడు.

"గిది ఏడ పెట్టాలె?" అన్నాడు.

"బాపూ!"

"కారు షాద్‌నగర్‌కు పోవాలనా అంకుల్?" అంది అలేఖ్య.

"పోతె నాకేమొస్తది బిడ్డా? కారు పోతె నువ్వు రావు. బాగైతె గూడ రావు. జర ఖరాబుంటెనే వస్తవు. ఆరు ఆదివారాల సంది చూస్తున్న, వీడు నోరిప్పడు. తాళంచెవి వీని మొలకే ఉంటది, సోయి లేకుంట నిద్రవోతడు. రాత్రి నేనే తీసిన. పరీక్ష బుధారమనుకున్న. మంగళారమొచ్చి బాగుచేస్తవు, బుధారం పాసైతది, ఒక్క రోజు ఎక్కువొస్తవని."

"వైరు చుట్టిపెట్టారెందుకు?"

"ఖరాబు గావద్దని."

అలేఖ్యకు నవ్వాగలేదు. బానెట్ పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత నాలుగు నిమిషాల్లో వైరు తగిలించి, పానాలు లెక్కపెట్టి, పదకొండు అనుకుని, ఎడమ సీట్లో కూర్చుంది.

"దారిలో ఇంకెవరైనా పీకుతారేమో. నేనూ వస్తాను."

దారిలో వాన పట్టుకుంది. ఇద్దరూ రెయిన్‌కోట్లు వేసుకుని కారులో కూర్చున్నారు. స్కూటర్ల మీద జనం తిరిగి తిరిగి చూశారు. ఆర్టీఏ ఆఫీసులో కాగితాల కోసం అలేఖ్య డాష్‌బోర్డు అర తెరిచింది. కాగితాల కింద ఆరు అట్టముక్కలున్నాయి. తెంపేసినవే. తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టి, తారీకుల ప్రకారం పేర్చి ఉన్నాయి.

ఆమె వాటిని చూసి, అతన్ని చూసి, అర మూసేసింది. ముక్కు తుడుచుకుంది. ఈసారి చేతికి మసి లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రెండు లైట్లూ లేచాయి, రెండూ దిగాయి. ఇంకోసారి లేపమన్నాడు. పరీక్షకు అవసరం లేదట, చూడ్డానికి బాగుందట. పాస్ అన్నాడు.

వీరేందర్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒట్టు తీరింది, కారు దక్కింది. పక్కసీటు సంగతి ఇంకా తేలలేదు.

"ఆరు వారాలుగా మా నాన్నగారు అడుగుతున్నారు, నీ చేతులకు ఈ గ్రీజు ఎవరిదమ్మా అని," అంది అలేఖ్య.

"మీరేం చెప్పిన్రు?"

"అడ్రసు చెప్పలేదు. వచ్చే ఆదివారం మనిషినే తీసుకొస్తానని పొద్దున్నే చెప్పబోయాను, అంతలో మీ ఫోనొచ్చింది." జేబులోంచి కొత్త అట్టముక్క తీసి, వాన పడకుండా ఒళ్లో పెట్టుకుని రాసి, సంతకం పెట్టి స్టీరింగుకు కట్టింది. "మేడం అనడం కూడా ఒక స్నాగే. అది ఇక్కడే బాగుచేసుకోండి."

"సరే మేడం," అన్నాడు వీరేందర్. తర్వాత, "సరే అలేఖ్యా," అన్నాడు. వానలో కూర్చునే ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం ఐలయ్య కుర్చీలోనే ఉన్నాడు. కారులో వీరేందర్ ఒక్కడే వచ్చాడు. ఆమె డ్యూటీకి వెళ్లింది.

"పాసైందా?"

"అయింది బాపు."

"మరి పిల్ల?"

వీరేందర్ అట్టముక్క చూపించాడు. ఐలయ్యకు చదువు రాదు. చదవమన్నాడు.

"రూఫు మూసుకోదు. ప్రతి ఆదివారం చూడాలె."

"గడువెంత?"

"రాయలె బాపు. గక్కడ గీత కొట్టింది."

ఐలయ్య చాలాసేపు షెడ్డువైపు చూశాడు. గోడలు చూశాడు, రేకులు చూశాడు.

"ఏమే, విన్నవా," అని ఈరమ్మను కేకేశాడు. "బర్రెలకు వేరే షెడ్డు ఎయ్యాలె."

తర్వాత లోపలికి పోయి, తువ్వాల ముందు గొంతుక్కూర్చుని పానాలు లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. నమ్మకం కుదరక జేబు కూడా చూసుకున్నాడు.