పది కిలోల సీసం

"అది విదేశీ ఓడ. సోదా చేసే హక్కు మనకి లేదు." చీఫ్ ఫైలు మూసేశాడు. "దాని అడుగున ఒక పెట్టె బిగించారు. అందులో మన నలభై మంది ఏజెంట్ల పేర్లున్నాయి. ఓడ పదకొండింటికి కదులుతుంది. లిస్టు అటు చేరిందా, నలభై మందీ పోయినట్టే. నీటి అడుగునుంచి వెళ్ళి తీసుకురా. రానూపోనూ ఇరవై నిమిషాలు, పనికి పన్నెండు."

ఏజెంట్ లెక్కేశాడు: మొత్తం ముప్ఫై రెండు. అందరికీ యాభై నిమిషాలొచ్చే సిలిండర్ అతనికి ఏనాడూ ఇరవై దాటలేదు. డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరు 'గాలి తాగుబోతు'.

"పెద్ద సిలిండర్ ఇప్పించండి సార్."

"టూరిస్టు వేషంలో వెళ్తున్నావ్. అద్దెకి దొరికేది అదొక్కటే సైజు."

రేవు పక్కన డైవింగ్ షాపు నడిపే అందగత్తె డిపార్ట్‌మెంట్ మనిషే. మూడు నెలల ట్రైనింగ్‌లో అతని సామానంతా ఆవిడే ఎంచి ఇచ్చింది.

"కింద పగడాలున్నాయా?" అడిగాడు.

"చూసే కన్నుండాలి." కోడ్ కలిసింది. పలచటి సూటు, ఫిన్లు, గాలి నింపే జాకెట్, లోపల స్పానర్ దాచిన కెమెరా ఇచ్చింది. నీళ్ళలో మునగడానికి కట్టే సీసం దిమ్మల బెల్టు తనే నడుముకి బిగించింది.

"బరువుగా ఉంది మేడమ్."

"మీ ఒంటికి పది కిలోలు ఉండాల్సిందే." నవ్వింది.

ట్రైనర్, రిటైరైన నేవీ డైవర్ కప్ప మాస్టారు, పక్కనే ఉన్నాడు. "తక్కువ పీల్చమనట్లేదురా నాయనా, నిదానంగా పీల్చమంటున్నా. ఆ మాత్రం చేతకాదా?"

మూడు నెలలుగా ఇదే పాట. అతనికి ఒళ్ళు మండింది. ఊపిరి మాట ఎత్తితే చాలు, ఊపిరి ఎక్కువైపోయేది.

నీళ్ళలోనూ అదే గోల. రాయిలా మునిగాడు. జాకెట్‌లోకి గాలి కొడితే లేచాడు, వదిలితే మళ్ళీ మునిగాడు. కాళ్ళు కిందికి వేలాడుతుంటే తన్నుకుంటూ ఈదాడు. ఓడ దగ్గరికి చేరేసరికి గాలి మీటర్‌లో రెండు వందల మీదున్న ముల్లు తొంభైకి దిగింది. ఎందుకూ పనికిరాని వెధవనని తనని తనే తిట్టుకున్నాడు.

చుక్కాని పట్టుకుని వేలాడాడు. నడుము కిందికి లాగేస్తోంది. అప్పుడు వెలిగింది. పలచటి సూటుకి నాలుగు కిలోలు చాలని పాఠంలో విన్నాడు. తప్పు ఊపిరిది కాదు, బెల్టుది!

జాకెట్‌లో గాలంతా వదిలేసి, రెండేసి కిలోల దిమ్మలు మూడు జారవిడిచాడు. ఒళ్ళు బల్లపరుపుగా నిలిచింది. ఊపిరి దానంతటదే నెమ్మదించింది.

ఒకటి, రెండు, మూడు బోల్టులు ఊడాయి. నాలుగోది మొరాయించింది. ఓడ ఇంజిన్ దడదడలాడింది. పళ్ళు బిగబట్టి తిప్పాడు. పెట్టె చేతిలోకి రాగానే నీళ్ళను గిరగిరా చిలుకుతూ ప్రొపెల్లర్ తిరగడం మొదలైంది.

ముల్లు సున్నాకి చేరుతుండగా గట్టెక్కాడు. బెల్టులో ఎక్కువ బరువు కట్టిన సంగతి చెప్పగానే చీఫ్ మనుషులు పరుగెత్తి, షాపు వెనక గుమ్మంలో సూట్‌కేస్‌తో సహా మేడమ్‌ని పట్టుకున్నారు.

కప్ప మాస్టారి ముఖం మాడిపోయింది. "దిగేముందు నీ బెల్టు చూడాల్సింది నేనేరా. ముప్ఫై ఏళ్ళ సర్వీసు! మూడు నెలల్లో ఒక్కసారైనా ఎందుకు చూడలేదో!"

"కట్టే మనిషిని చూస్తూ ఉండిపోయారు మాస్టారూ."