పొడుగు చేతుల జాకెట్టు

మరియను మట్టిలో పెట్టి వెళ్లినవాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ ఆ ఇంటి గడప తొక్కి, ఎలా ఉన్నారని అడగలేదు. తొమ్మిదేళ్లయింది. భార్య పోయాక ఊరు చేసిన ఆ పనిని జకర్యా మరిచిపోలేదు, క్షమించనూ లేదు.

ఆ శనివారం పొద్దున కూడా ఆయన రోజూలాగే బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కూతురి జాకెట్టు చేతులు రుద్దుతున్నాడు. మణికట్టు దాకా వచ్చే పొడుగు చేతులు. దీవెన టేకులపల్లి దగ్గర ఆడపిల్లల హాస్టలు బడిలో టీచరు. ఆయన అదే బడికి వాచ్‌మన్. మే నెల ఎండలో కూడా చేతులు కప్పుకునే ఉంటుందని చర్చిలో అందరూ ఆ పిల్లను మెచ్చుకుంటారు. "భక్తంటే గట్లుండాలె" అని ఆయనే పదిమందిలో చెప్పుకుని మురిసేవాడు.

"జల్దీ కానీ నాయినా. పాల్వంచ బస్సు ఎనిమిదింటికి. ట్రైనింగుకు నువ్వు కూడ రావాలె."

"గేటు కాసేటోనికి ట్రైనింగేంది?"

"వంటోళ్లకు, ఆయాలకు, అందరికి. తమను తామే గాయం చేసుకునే పిల్లలతోని ఎట్ల మెలగాల్నో చెప్తరు."

"నాలుగు తిడితే బుద్ధొస్తది. దానికి పాల్వంచ దాకా పోవాల్నా?"

"తిట్టినవు కదా సోమవారం. సక్రి మళ్ల బడి మొఖం చూడలే."

జకర్యా జాకెట్టు రెండో చేతిని ఇస్త్రీకి పరిచాడు. సోమవారం పొద్దున గేటు దగ్గర పిల్లలను వరసలో నిలబెట్టి గోళ్లు చూడటం ఆయన పెట్టుకున్న రివాజు. తొమ్మిదో తరగతి సక్రి చేయి చాపినప్పుడు గీతలు కనబడ్డాయి. ఆ చేతిని పట్టి పైకెత్తి, "చూడుండ్రి, దేవుడిచ్చిన దేహాన్ని ఏం చేసుకుందో!" అని వరసంతటికీ చూపించాడు. సాయంత్రానికి ఆ పిల్ల తండాకు వెళ్లిపోయింది.

పాల్వంచలో శిక్షణ ఇవ్వడానికి ఖమ్మం నుంచి కళ్యాణి మేడం వచ్చింది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిని పిల్లలా ఉండమంది. జకర్యాకు ఎదురుగా వంటమనిషి ఆదెమ్మ.

"నేను పద్నాలుగేండ్ల పిల్లనంట! అన్నా, రెండు జడలెయ్యరాదే!" అంది ఆదెమ్మ. హాలంతా నవ్వింది.

"ఎందుకు చేసినవ్?" అని గద్దించాడు జకర్యా.

"అడుగుడు గిట్లనా? దొంగను పట్టినట్టున్నది."

కళ్యాణి దగ్గరికి వచ్చింది. "'ఎందుకు' అని అడిగితే నేరం మోపినట్టుంటది పెద్దాయనా. నలుగురిలో అడగొద్దు. పక్కన కూర్చుని, ఏం కష్టమొచ్చింది బిడ్డా అనండి. తర్వాత వినండి, అంతే. అది మీ ఒక్కరి కడుపులో దాచుకోకుండా టీచరుకు చెప్పండి, డాక్టరుకు చూపించండి." ఆమె అందరివైపూ తిరిగింది. "కొందరు పిల్లలు అసలు బయటపడరు. మండే ఎండల్లో కూడా పొడుగు చేతులే వేసుకుంటారు."

ఆ తర్వాతి మాటలేవీ జకర్యాకు వినబడలేదు. మూడు కుర్చీల అవతల దీవెన తలొంచుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చాక 'ఎందుకు' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. కూతురి పక్కన కూర్చున్నాడు.

"నీకేం కష్టమొచ్చింది బిడ్డా?"

దీవెన మణికట్టు దగ్గర గుండీ విప్పింది. ఎప్పుడో మానిపోయి తెల్లబడ్డ గీతలు.

"అమ్మ పోయినంక, ఎవ్వరూ వచ్చి అడగలేదని నువ్వు అరుగు మీద కూసొని ఊరును తిడుతుంటివి. నేను లోపలనే ఉంటి నాయినా. నువ్వు కూడ అడగలే."

"ఇప్పుడు?"

"ఇప్పుడేం లేదు. కాలేజీల ఒక మేడం పక్కన కూసొని అడిగింది. అందుకే ఈ ట్రైనింగు కోసం హెడ్‌మాస్టరమ్మ ఎంటపడ్డ."

"మరి నేను భక్తి అని చెప్పుకుంటుంటే ఎందుకు..." అని ఆగిపోయాడు.

"నువ్వు నవ్వేది గప్పుడొక్కటే. చెడగొట్టబుద్ధి కాలే."

జకర్యా ఆ గుండీ తిరిగి పెట్టబోయాడు. అలాగే ఆ చేతి మీద తల ఆనించి ఏడ్చాడు.

మర్నాడు చర్చికి వెళ్లకుండా తండాకు నడిచాడు. సక్రి తల్లి వాకిట్లోనే నిలేసింది.

"అందరి ముంగట పిల్ల ఇజ్జత్ తీసినవ్."

"అవ్. తీసిన. తప్పు నాది."

సక్రి గోడవైపు తిరిగి కూర్చుంది. జకర్యా కాస్త దూరంలో నేల మీద కూర్చుని, ఏం కష్టమొచ్చిందని ఒకే ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. ఎండ వాకిలి దాటింది. చివరికి ఆ పిల్ల ఇటు తిరగకుండానే, "దీవెన టీచరుకైతే చెప్త" అంది.

సోమవారం సక్రి వచ్చింది. గేటు దగ్గర వరస లేదు.

మర్నాడు పొద్దున దీవెన అంది: "వైరాలో కూడ ట్రైనింగు పెడుతున్నరట నాయినా. నువ్వొచ్చి నీ సంగతి చెప్తే..."

"నేను రాను, చెప్ప." జకర్యా జాకెట్టు చేతుల మీద నీళ్లు చిలకరించాడు. "నిన్ను అడగనందుకు మీ అమ్మకు జవాబు చెప్పాలె. ఆమె కాడికి పోయినంక చెప్త. ఈడ మాత్రం ఈ ముచ్చట నా ముంగట మళ్ల ఎన్నడు ఎత్తకు."