క్లిఫర్డ్ ఇంటి బాయిలర్‌కి బీమా

శనివారం పొద్దున్నే, టీ నీళ్లు ఇంకా మరగకముందే, బెవర్లీ రెండు బీమా కాగితాలు పట్టుకుని పుట్టింటికి వచ్చింది. హాలిఫాక్స్ కొండ మీద నవంబరు గాలి తలుపు తీయగానే ఆమెతో పాటే లోపలికి దూరింది.

తండ్రి క్లిఫర్డ్ ఆ కాగితాల వంక చూడనైనా చూడలేదు. నలభై రెండేళ్లు ఆ ఊళ్లో ఇళ్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు బిగించిన మనిషి. ఏ ఇంట్లో ఏ వేడినీళ్ల రేడియేటర్ ఎందుకు వేడెక్కదో కుర్చీలోంచి లేవకుండా చెప్పగలడు. అలాంటివాడి బాయిలర్‌కి బీమా! తలకొట్టేసినట్టు ఉండదూ మరి?

“నా బాయిలర్ మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడా? నేను బతికుండగానే?”

“బతికుండగానే కావాలి నాన్నా. పోయాక ఎందుకూ? నీ కోపానికి నువ్వు వెళ్లే చోట వేడికి లోటుండదులే!”

తల్లి డోరీన్ ఫక్కున నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఓ పట్టాన ఆగలేదు. కిందటి చలికాలం న్యుమోనియాతో పది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చిందావిడ. ఇల్లు మళ్లీ చల్లబడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

బెవర్లీ ఒక కాగితం ముందుకు తోసింది. “ఇది చవక. మనకిది చాలు. అన్నట్టు, కిందటిసారి సర్వీసు ఎవరు చేశారు?”

“ఇంకెవరు? నేనే!”

“నీ గ్యాస్ లైసెన్సు అయిపోయి మూడేళ్లయింది కదా! నువ్వు చేసింది బీమా వాళ్లు ఒప్పుకోరు. పోనీలే, నాకు తెలిసినాయనకి లైసెన్సుంది. ఆయన చేసినట్టు ఒక్క సంతకం పెట్టిస్తాను.”

క్లిఫర్డ్ కప్పు ఠంగున బల్ల మీద పెట్టాడు. “చెయ్యని పనికి సంతకమా? నా జన్మలో అలాంటిది ఒక్కటి లేదు. బీమా వద్దు, గీమా వద్దు. పాడైతే నేనే బాగుచేస్తాను!”

పట్టిన కుందేలుకి మూడే కాళ్లు ఆయనకి, ఎప్పుడూ అంతే.

“బాగుచేస్తావా క్లిఫ్?” డోరీన్ నెమ్మదిగా అడిగింది. “మరి జనవరిలో ఏం చేశావు?”

క్లిఫర్డ్ మొహం పాలిపోయింది.

“జనవరిలో ఏమైంది?” అంది బెవర్లీ. “అప్పుడు మీరిద్దరూ పిన్ని ఇంట్లో ఉన్నామన్నారు కదమ్మా!”

“ఎక్కడికీ వెళ్లలేదే. బాయిలర్ ఆగిపోయింది. చేతులు వణికి ఒక్క చిన్న స్క్రూ బిగించలేక మీ నాన్న రెండు రోజులు దాని ముందే కూర్చున్నాడు. నేను కోటు వేసుకుని పడుకున్నాను. ఇంకొకర్ని పిలిస్తే ఈయన పరువు పోతుందని నోరు మెదపలేదు. మూడో రోజే కదా నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది? నేను తిరిగొచ్చేలోగా ఎలాగో బిగించాడనుకో.”

ఆవిడ జబ్బుకి అప్పుడు ఊరంతా తిరుగుతున్న జలుబే కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాడు క్లిఫర్డ్. అలా అనుకోవడమే ఆయనకి సుఖంగా ఉండేది. ఇప్పుడు కళ్లెత్తి భార్యని చూడలేకపోయాడు.

కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలూ చిన్న అక్షరాలతో సహా చదివాడు. “ఈ చవకది పనికిరాదమ్మాయ్. ఏడేళ్లు దాటితే విడిభాగాలు ఇవ్వరట. మనది పదకొండేళ్లది. రేడియేటర్లలో బురద పేరుకుంటే వీళ్లకి సంబంధం లేదట. పాత ఇళ్లలో మొదట వచ్చే జబ్బే అది! ఈ రెండోది తీసుకుందాం.”

మూడు రోజులు కూర్చుని చదివినా బెవర్లీకి ఆ రెండు మాటలూ కనిపించలేదు. తండ్రి వంక గర్వంగా చూసింది.

బీమా కంపెనీకి ఆయనే ఫోన్ చేశాడు. సర్వీసు ఎవరు చేశారని అవతలి అమ్మాయి అడిగింది.

“నేనే చేశానమ్మా, లైసెన్సు లేకుండా. మీ మనిషిని పంపి అంతా విప్పి చూసుకోండి, ఆ తర్వాతే కాగితం ఇవ్వండి. బాయిలర్‌కి ఏ జబ్బూ లేదు. నా చేతులే ఇక పనిచెయ్యవు.”

ఆ మాట ఆయన నోటివెంట రావడం ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. డోరీన్ కన్నీళ్లు తుడుచుకోకుండానే కూతురి చెయ్యి పట్టుకుంది.

“విన్నావుటే? అదీ మీ నాన్న! ఇన్నాళ్లూ ఊరందరి ఇళ్లూ వెచ్చబెట్టాడు. ఇవాళ నా ఇల్లు వెచ్చబెట్టాడు.”