ఐదో చెంచా

మండపేటలో ఆ వీధికంతా పాలు పోసేది బుల్లెమ్మే. రెండు గేదెలు, ఒక స్టీలు క్యాను, కొలవడానికి ఒక అరలీటరు డబ్బా. కొలత అయ్యాక చివర్న కాస్త కొసరు పోయకపోతే ఆవిడ చెయ్యి ఊరుకోదు. అలాంటి మనిషి ఇంట్లో నాలుగు నెలల మనవరాలు డబ్బాపాలు తాగుతోందంటే వీధి వీధంతా వింతగా చూసింది. బుల్లెమ్మ ఇంకా వింతగా చూసింది. డబ్బా వచ్చిన రోజున పొడి వాసన చూసి, చిటికెడు నాలిక మీద వేసుకుని, "ఇంతకీ ఇది ఏ గేదె పాలే దుర్గా?" అని అడిగింది కూడా.

కోడలు శ్రీదుర్గ సరదాకి కొనలేదు ఆ డబ్బా. పురుడయిన నెలకి రొమ్ములో గడ్డ లేచి, చీము పట్టి, ఆపరేషన్ దాకా వెళ్లింది. "మళ్లీ నీ పాలు పట్టడానికి ప్రయత్నించొచ్చు. పోతపాలు పట్టినా పిల్లకి లోటేం రాదు. నీ ఇష్టం," అంది డాక్టరమ్మ. శ్రీదుర్గ మూడు రోజులు ఆలోచించి పోతపాలే అనుకుంది. ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

పది రోజుల క్రితం ఆమె మళ్లీ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లడం మొదలుపెట్టింది. పగటిపూట సీసా పట్టే పని అత్తది. అప్పట్నుంచే పిల్లకి తేడా చేసింది.

ఆ ఆదివారం పొద్దున పాలు పోసి వచ్చిన బుల్లెమ్మ క్యాను కూడా కడగకుండా గుమ్మంలో కూలబడింది.

"ఇవాళ్టికి నాలుగు రోజులు, పిల్లకి విరేచనం లేదు. ముక్కీ ముక్కీ ఏడుస్తోంది. ఇంక ఆ డబ్బా ఆపేద్దాం. రేపట్నుంచి గేదెపాలలో నీళ్లు కలిపి నేను పడతాను."

"ఏడాది నిండేదాకా గేదెపాలు వద్దన్నారండి డాక్టరుగారు."

"వీడికి పట్టలేదేంటి? బానే ఉన్నాడుగా," అంటూ కొడుకు వైపు చెయ్యి చూపించింది.

మణిదీప్ ఫోన్లోంచి తలెత్తాడు. తల్లినీ చూశాడు, పెళ్లాన్నీ చూశాడు. "పోనీ, రెండు రోజులు అమ్మ చెప్పినట్టు చూద్దామా?" అన్నాడు.

శ్రీదుర్గకి ఒళ్లు మండిపోయింది. తన బిడ్డకి ఏం పట్టాలో తను తేల్చుకున్న మాట, రెండు నిమిషాల్లో తన చెయ్యి దాటిపోతోంది. ఏదో అనబోతూ డబ్బా తీసి మూత తెరిచింది. లోపల అడుగు కనిపిస్తోంది. వారం రావాల్సిన డబ్బా, తెరిచి ఐదు రోజులే అయింది. పొడి ఎటు పోతున్నట్టు? కోపం కాసేపు పక్కకి పోయి, ఆ సంగతేంటో తెలుసుకోవాలనిపించింది.

"అత్తయ్యగారూ, ఎలాగూ పాలవేళయింది. ఒకసారి మీరు కలపండి, నేను చూస్తాను."

"టీచరమ్మవి కదా, నాకూ పరీక్ష పెడుతున్నావా?" అంటూనే బుల్లెమ్మ లేచింది.

చేతులు శుభ్రంగా కడుక్కుంది. కాచి చల్లార్చిన నీళ్లు సీసాలో గీత దాకా పోసింది. ఒక చెంచా వేసింది, పైన చదును చేసి మరీ. రెండు, మూడు, నాలుగు. అంతా కోడలు నేర్పినట్టే. అయిపోయిందనుకునేలోపే ఆవిడ చెయ్యి మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. ఐదో చెంచా, ఈసారి గోపురంలా.

"అదేంటండీ?"

"ఏది?"

"ఆ ఐదోది."

బుల్లెమ్మ తన చేతి వంక తనే కొత్తగా చూసుకుంది. "కొసరు," అంది. "వీధిలో అందరికీ వేసేదాన్ని, నా మనవరాలికి వెయ్యనా?"

మణిదీప్ నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. శ్రీదుర్గ అప్పటికే డాక్టరమ్మకి ఫోన్ కలిపింది.

"పొడి ఎక్కువైతే పిల్ల ఒంటికి నీళ్లు చాలవమ్మా," అంది ఆవిడ స్పీకర్లో. "విరేచనం కాకపోవడం దానివల్లే కావచ్చు. ఆ పాలు పారబోసి, సరైన కొలతతో కలిపి పట్టండి. వెంటనే పిల్లని తీసుకురండి, ఒకసారి చూస్తాను."

బుల్లెమ్మ చెంచా బల్ల మీద పెట్టేసింది. "నా చేత్తోనే చేశానా దుర్గా?"

"నాలుగు రోజుల్నుంచి డబ్బాదే తప్పని నన్ను అంటున్నారు కదండీ," అంది శ్రీదుర్గ. "అంత వివరంగా చెప్పాక కూడా ఎందుకు వేశారండి?"

బుల్లెమ్మ సీసాలో పాలు పారబోసింది. "తల్లిపాలు లేవు కదా దీనికి. ఆ తక్కువ నేను పూడుద్దామనుకున్నానమ్మా."

శ్రీదుర్గకి అరవాలనిపించింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"మీరొక్కరే కాదండి. దీని మొహం చూసినప్పుడల్లా నేనూ అదే అనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు, అంతే." ఆపరేషన్ అప్పుడు కూడా ఏడవని శ్రీదుర్గ, ఇప్పుడు నిలబడే వెక్కివెక్కి ఏడ్చింది.

బుల్లెమ్మ గబగబా వచ్చి కోడలి తల తన భుజానికి అదుముకుంది. "నువ్వేం తక్కువ చేశావే? కుట్లు మానకముందే పిల్లని ఎత్తుకుని తిరిగావు. అన్నీ చూస్తూనే ఉన్నాను, ఒక్క మాట చెప్పలేకపోయాను. నోరుందిగానీ దేనికి?"

ఇద్దరి కళ్లూ తుడవడం తన వల్ల కాక మణిదీప్ బండి తాళాల కోసం వెతుక్కుంటున్నాడు. బుల్లెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తాను. డాక్టరమ్మ ఎవరు కలిపారని అడిగితే నువ్వు మాట్లాడకు. నేనే చెప్తాను," అంది.